రంగం దూలాలు, కొత్త గదులు

కోనసీమలోనో కాకినాడ పరిసరాల్లోనో పాత పెంకుటిల్లు అమ్మకానికి వచ్చిందంటే బేరం రెండు ముక్కలుగా సాగుతుంది. స్థలం ధర ఒకటి, కలప ధర ఇంకొకటి. "అంతా బర్మా టేకేనండీ, ఒక్క దూలం కూడా పుచ్చలేదు" అంటారు అమ్మేవారు. కొనేవారు గోటితో గీరి, వేలి కణుపుతో కొట్టి, చప్పుడు విని మనసులో లెక్క వేసుకుంటారు. కొన్నాళ్లకు ఇల్లు ఉండదు. దాని స్తంభాలు, ద్వారబంధాలు, వాసాలు పాత కలప అడితిలో వరసగా పేర్చి ఉంటాయి. అక్కడి నుంచి హైదరాబాద్ ఫ్లాటులోకి భోజనాల బల్లగానో, బెంగళూరు కాఫీ షాపులోకి గోడ పలకలుగానో వెళ్తాయి. మేకుల చిల్లులు, రంపపు గాట్లు, వెలిసిన బూడిద రంగు అలాగే ఉంచమని కొన్నవారు మరీమరీ చెబుతారు. అదనపు ధర వాటికే.

దీన్ని పర్యావరణ స్పృహ తెచ్చిన కొత్త అలవాటని ఇంటీరియర్ పత్రికలు రాస్తున్నాయి. కర్రను రెండోసారి వాడటంలో కొత్త ఏమీ లేదు. దాని వయసును దాచకుండా నట్టింట్లో ప్రదర్శించడం ఒక్కటే ఈ కాలం చేర్పు. బర్మా టేకు ఒక్కదాని కథ తీసుకున్నా, రాజుల నుంచి రేవు కూలీల దాకా ఎవరెవరు పాత కర్రను నమ్ముకున్నారో తెలుస్తుంది.

మాండలే దగ్గర అమరపురలో ఊ బేన్ వంతెన ఉంది. తౌంగ్తమాన్ చెరువు మీద కిలోమీటరుకు పైగా సాగే టేకు వంతెన అది. రాజధాని ఇన్వా నుంచి అమరపురకు మారాక, వదిలేసిన పాత రాజభవనం కర్రతో 1850 ప్రాంతంలో అక్కడి నగరాధికారి ఊ బేన్ దాన్ని కట్టించాడు. సింహాసనం ఉన్న చోట నిలిచిన స్తంభాలు చెరువు బురదలోకి దిగి, బియ్యం బస్తాలు మోసేవాళ్ల బరువును మోశాయి. కొన్నింటిని తరవాత కాంక్రీటుతో మార్చారు గానీ వెయ్యికి పైగా ఉన్న ఆ స్తంభాల్లో చాలా భాగం ఇప్పటికీ కర్రే.

అది ఒక్కటే అనుకోనక్కర్లేదు. 1857లో మిండన్ రాజు మాండలే నగరానికి పునాది వేసినప్పుడు అమరపుర భవనాలను విప్పి, ఏనుగుల మీద తరలించి మళ్లీ నిలబెట్టారు. అలా వచ్చినవాటిలో రాజు సొంత మందిరం ఒకటి. 1878లో ఆయన అందులోనే కన్నుమూశాడు. కొడుకు థీబా దాన్ని కోట లోపల ఉంచడానికి ఇష్టపడలేదు. విప్పించి, కోట బయట బౌద్ధ విహారంగా కట్టించాడు. అదే ష్వేనందా విహారం. 1945లో యుద్ధంలో మాండలే రాజభవనం కాలి బూడిదైంది. అప్పటికే బయటికి తరలిపోయి ఉండటం వల్ల ఈ ఒక్క మందిరం మిగిలింది. ఒకే కర్రతో మూడుసార్లు కట్టిన ఇల్లు అది. కుసి తీసి బెజ్జంలో దించి చీల బిగించిన కట్టడం కాబట్టే విప్పడం సాధ్యమైంది. ఈ విషయం దగ్గరికి మళ్లీ రావాలి.

ఈలోగా బ్రిటిష్‌వాళ్లు టేకును వేరే కంటితో చూస్తున్నారు. వాళ్లకది ఓడ. 1736లో సూరత్ నుంచి బొంబాయి వచ్చిన లవ్‌జీ వాడియా, ఆయన వంశం వాళ్లు మలబారు టేకుతో కట్టిన ఓడలు ఓక్ ఓడలకంటే ఎక్కువ కాలం నిలిచాయి. టేకులోని సహజమైన నూనె ఇనప మేకుల్ని అంత తొందరగా తుప్పు పట్టనివ్వదు, చెదను సులువుగా దగ్గరికి రానివ్వదు. మలబారు అడవి పలచబడ్డాక చూపు తూర్పుకు తిరిగింది. 1826లో తెనాసెరిం, 1852లో పెగూ చేతికొచ్చాయి. 1856లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త డీట్రిష్ బ్రాండిస్ పెగూ టేకు అడవుల పర్యవేక్షకుడయ్యాడు. 1864లో ఆయనే భారత అటవీశాఖకు తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్. 1863లో బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ పుట్టింది. లెక్క చూపకుండా దుంగలు తరలించిందని మాండలే దర్బారు ఆ కంపెనీకి దాదాపు 23 లక్షల రూపాయల జరిమానా వేసింది. 1885 నవంబరులో మూడో ఆంగ్లో-బర్మా యుద్ధానికి అది సాకు అయింది. థీబా రత్నగిరికి ప్రవాసం వెళ్లాడు, ఉత్తర బర్మా అడవి మొత్తం కంపెనీల పరమైంది. నిజానికి ఇవాళ మనం ముచ్చటపడే పాత పలకల్లో ఎన్నో ఆ జప్తు తరవాత నరికిన చెట్లవే. పాత కర్ర పుణ్యకర్ర అనుకునేవాళ్లకు ఈ సంగతి రుచించదు.

ఆ కర్రకు అంత మన్నిక ఎలా వచ్చిందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది. అందుకని చెట్టు మొదలు చుట్టూ చేవ దాకా గాటు పెట్టి, రెండు మూడేళ్లు నిలువునా ఎండనిచ్చి అప్పుడు నరికేవారు. ఏనుగులు వాగుల్లోకి లాగేవి. వాన వస్తే దుంగ కదిలేది, రాకపోతే మరుసటి ఏడాది దాకా అక్కడే పడి ఉండేది. ఐరావతి, సిత్తాంగ్, సాల్వీన్ నదుల మీద తెప్పలై రంగూన్‌కో మౌల్మీన్‌కో చేరేసరికి ఏళ్లు పట్టేది. ఏ బట్టీలోనూ పెట్టకుండానే ఎండా వానా దాన్ని పదునుపెట్టాయన్నమాట. పైగా అవి వందేళ్లు దాటిన అడవి చెట్లు. వాటి వలయాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, చేవ ఎక్కువ.

ఓడగా పుట్టిన టేకు గదిగా మారిన ఉదంతం ఇంగ్లండులో దొరుకుతుంది. బొంబాయిలో 1821లో నీళ్లలోకి దించిన హెచ్‌ఎంఎస్ గాంజెస్ యుద్ధనౌకను 1930లో ప్లిమత్‌లో విరిచేశారు. దాని కెప్టెన్ గదిని డెవన్ తీరంలోని బర్గ్ ఐలాండ్ హోటల్ కొనుక్కుని తన భవనంలో ఇముడ్చుకుంది. అంతకు ముందు 1924లో లండన్‌లోని లిబర్టీ దుకాణం రెండు పాత యుద్ధనౌకల కర్రతో కొత్త భవనం కట్టుకుంది. ఆ ఓడల మీది పలకలే దుకాణానికి నేల. కొనుగోలుదారు అడుగు పెట్టిన చోట ఒకప్పుడు నావికులు నడిచారనే ఊహనే ఆ దుకాణం అమ్ముకుంది. పొదుపు కోసం పాత కర్ర వాడటం అక్కడితో అయిపోయి, కథ కోసం వాడటం మొదలైంది. నేటి ఇంటీరియర్ వ్యాపారానికి మూలం అదే అని నా లెక్క.

ఇక మన గడప.

రంగూన్‌ను మనవాళ్లు రంగం అనేవారు. కాకినాడ నుంచి, విశాఖ నుంచి, భీమిలి నుంచి పొగ ఓడలెక్కి వేలమంది వెళ్లేవారు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల బీదలు అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో, కోత మిల్లుల్లో పని చేశారు. కోరంగి రేవు పేరుతో వాళ్లందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. అంతకు ముందు ఏడాది మే నెలలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మావాళ్లను తీసుకున్నారు. రాజీ కుదిరాక బర్మావాళ్లను పొమ్మన్నారు. చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు లక్షల మంది అడవుల గుండా కాలినడకన భారతదేశానికి బయలుదేరారు. అందరూ చేరలేదు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేటే ఉంది. 1960లలో మరో విడత తిరిగివచ్చినవాళ్లు అక్కడ స్థిరపడ్డారు.

ఆ కూలీల ఇళ్లకు మాత్రం టేకు లేదు. తాటి దూలాలు, వెదురు, కమ్మలు. టేకు మండువా లోగిళ్లకు వచ్చింది. భూమి ఉన్నవాళ్లు, వ్యాపారాలు ఉన్నవాళ్లు మండువా చుట్టూ స్తంభాలు, చెక్కడపు ద్వారబంధం, నట్టింట్లో ఉయ్యాల బల్ల చేయించుకున్నారు. తెలంగాణలో గడీలకు, పెద్ద మిద్దెలకు ఆదిలాబాద్ టేకు ఉండనే ఉంది. దూలాల మీద దంతెలు పరిచి మట్టి మిద్దె వేసేవారు. పాపికొండల టేకు గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రి దిగేది.

మన వడ్రంగి కూడా కుసి, బెజ్జం, చీల పద్ధతి వాడినవాడే. ఇనప మేకు తలుపు బందులకు, పైపై పనులకు మాత్రమే. అందుకని అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఇళ్లు కూడా విప్పి పంచుకునేవారు: పెద్దవాడికి ముందు వసారా స్తంభాలు, చిన్నవాడికి వంటింటి దూలాలు. పాత కర్ర కొత్త ఇంటికి పనికిరాదని వాస్తు చెప్పేవాళ్లు అంటారు. దానికీ ఇళ్లల్లో సర్దుబాట్లు ఉండేవి. గడప, సింహద్వారం కొత్తవి చేయించి, మిగతా పాతది అటకకూ, పశువుల కొట్టానికీ, గడ్డిమోపుల మంచెకూ వాడేవారు. ఆ రోజుల్లో పాత కర్ర అంటే కొంచెం నామోషీ కూడా. చిత్రిక పట్టి, వార్నిష్ వేసి, దాని వయసు కనబడకుండా చేసేవారు.

మునక ఊళ్లకు ఆ నామోషీ ఉండే వీలు లేకపోయింది. శ్రీశైలం జలాశయం కోసం 1980ల మొదట్లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు దగ్గరగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. పరిహారం చాలీచాలనిది. బండి మీద ఎక్కగలిగిన దూలం, తలుపు, కిటికీ చట్రం వాళ్లకు మిగిలిన ఆస్తి. ఆ కట్టెలతో లేచిన గుడిసెల మీద పత్రికల్లో రంగుల పేజీలు ఎవరూ వేయలేదు.

స్వాతంత్ర్యం తరవాతి నాలుగు దశాబ్దాల మీద ఎక్కువ చెప్పేది లేదు. సిమెంటు స్లాబు దూలాన్ని తప్పించింది, ప్లైవుడ్డూ సన్‌మైకా బీరువాను మార్చాయి. పెంకుటిల్లు ఉన్నవాళ్లు డాబా కట్టుకోవడమే ఎదుగుదల. ఆ కాలంలో టేకు స్తంభాలు వంటచెరకు ధరకు పోయిన ఊళ్లున్నాయి.

మలుపు 1990లలో వచ్చింది. అడవులు కరిగిపోతున్నాయన్న ఆందోళనతో 1993లో కేంద్ర ప్రజా పనుల శాఖ తన కట్టడాల్లో కలప వాడకాన్ని నిషేధించింది. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా అనుమతి లేని చెట్ల నరికివేతను, కోత మిల్లులను ఆపింది. ఆ కేసు వేసినాయనది కేరళలోని నిలంబూరు కోవిలకం, అంటే అక్కడి రాజకుటుంబం. 1840లలో బ్రిటిష్‌వాళ్లు తొలి టేకు తోట వేసింది కూడా నిలంబూరులోనే. కొత్త టేకు ప్రియమయ్యాక అందరి కళ్లూ పాత ఇళ్ల మీద పడ్డాయి.

ముందు తమిళనాడులో. చెట్టినాడులోని నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మాలో వడ్డీ వ్యాపారం చేసి, ఆ డబ్బుతో బర్మా టేకు స్తంభాల మేడలు కట్టారు. వారసులు వందల్లోకి పెరిగి మేడలు మూతబడ్డాక, స్తంభాలు, తలుపులు కారైక్కుడి మునీశ్వరన్ కోయిల్ వీధి దుకాణాలకు చేరాయి. మరో దారి కూడా ఉందని చూపినవాళ్లున్నారు. తిరువనంతపురంలో వాస్తుశిల్పి లారీ బేకర్ కూల్చిన ఇళ్ల కుప్పల్లో తలుపులు, కిటికీలు వెతికి తెచ్చి, చవక ఇళ్లలో అమర్చేవాడు. ఆయన వాటిని అలంకారంగా చూడలేదు. కొత్త కిటికీకి పెట్టే డబ్బు మిగిలితే ఇంకో గది వస్తుందని లెక్క కట్టాడు. చెన్నై దగ్గర 1996లో తెరిచిన దక్షిణచిత్ర ప్రదర్శనశాలలో చెట్టియార్ ఇంటిని విడదీసి తెచ్చి, మళ్లీ పూర్తి ఇల్లుగా నిలబెట్టారు. చూసినవారికి స్తంభం ఎక్కడ నిలబడాలో, ఎందుకు అంత లావుందో అర్థమవుతుంది. అదే స్తంభం రిసెప్షన్ హాల్లో ఏమీ మోయకుండా నిలబడితే ఆ అర్థం పోతుంది.

యూరప్‌లో ఈ రుచిని డిజైన్‌గా మలిచింది డచ్చివాడు పీట్ హైన్ ఎయిక్. 1990లో ఐంధోవెన్ డిజైన్ అకాడమీ చదువు ముగింపులో పారేసిన చెక్క ముక్కలతో, వాటి మీది పాత రంగులు తుడవకుండా, అల్మారా చేశాడు. అమెరికాలో పాత ధాన్యపు కొట్టాల పలకలు రెస్టారెంట్ గోడలెక్కాయి. తమాషా ఏమిటంటే, 2010 ప్రాంతంలో ఎయిక్ చెక్కల బొమ్మనే ముద్రించి గోడకు అంటించే కాగితంగా అమ్మారు. ఇప్పుడు మోర్బీ టైల్స్‌లోనూ వెలిసిన చెక్క రంగు దొరుకుతుంది. చెక్కకు ఇనప పీచు నానబెట్టిన వెనిగర్ పూసి, ఒక్క పూటలో యాభై ఏళ్ల బూడిద రంగు తెప్పించే పనివాళ్లూ ఉన్నారు.

అసలైన వెలిసిన రంగు ఎలా పుడుతుందో చూస్తే ఆ తేడా తెలుస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కర్ర పోగుల్ని అతికి ఉంచే లిగ్నిన్‌ను విరగ్గొడతాయి. వాన దాన్ని కడిగేస్తుంది. మిగిలిన సెల్యులోజు వెండి బూడిద రంగుకు తిరుగుతుంది. మెత్తని భాగం ముందు అరిగి, గట్టి వలయాలు గీతలుగా పైకి లేస్తాయి. చేత్తో తడిమితే తగులుతాయి. ముద్రించిన కాగితానికి రానిది అదే. ఈ అరుగుదల చాలా నెమ్మది: పైన్ లాంటి మెత్తని కర్ర ఆరుబయట వందేళ్లలో ఆరు మిల్లీమీటర్లు, గట్టి కర్ర అందులో సగం. బూడిద పొర మందం మిల్లీమీటరులో చిన్న వంతు. ఒక్కసారి చిత్రిక పడితే వందేళ్ల ఎండా వానా పొట్టులో కలిసిపోయి, కింద నుంచి బంగారు గోధుమ రంగు టేకు కొత్తగా, వాసనతో సహా బయటికొస్తుంది. మన పెంకుటిళ్ల వాసాల్లో ఒకే కర్రకు రెండు వయసులుంటాయి. చూరు బయటికి పొడుచుకొచ్చిన చివర బూడిదగా, లోపలి భాగం వంటింటి పొగకు నల్లగా. తెలిసిన డిజైనరు బల్ల పైభాగానికి చిత్రిక పట్టిన పలక, గోడకు చూరు చివరలు వాడతాడు. అన్నం తినే చోట గరుకు ఎందుకు?

పాత కర్రలో అపాయాలూ ఉన్నాయి, అమ్మేవాళ్లు వాటి మాట ఎత్తరు. పాత తలుపుల పచ్చ, నీలం రంగుల్లో సీసం ఉంటుంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు మించనివ్వని నిబంధన మన దేశంలో 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. కాబట్టి అంతకు ముందటి రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రైల్వే స్లీపర్లకు క్రియోసోట్ అనే విషపు తారు నూనె పట్టించి ఉంటుంది. కాంక్రీటు స్లీపర్లు వచ్చాక అవి చవగ్గా దొరికాయి గానీ ఇంటి లోపలికి పనికిరావు. ప్యాలెట్ చెక్క తెచ్చుకునేవాళ్లు దాని మీది ముద్ర చూడాలి. హెచ్‌టీ అంటే 56 డిగ్రీల వేడిలో అరగంట ఉంచింది, ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పొగ పెట్టింది. కాకినాడ గాలికి అలవాటైన పలకను నేరుగా ఏసీ గదిలో పెడితే చీలుతుంది. కొన్ని వారాలు నీడలో ఆరనిచ్చి, ఆ గది గాలికి అలవాటు చేయాలి. లోపల విరిగిన మేకు ఒక్కటున్నా రంపపు పళ్లు పోతాయి.

ఇక పర్యావరణం. ఎండిన కర్ర బరువులో దాదాపు సగం కార్బన్. ఘనమీటరు టేకును తగలబెట్టకుండా బల్లగా ఉంచితే టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోకుండా ఆగుతుంది. ఈ లెక్క నిజమే. ఆ బల్ల కోసం నిలబడి ఉన్న ఇంటిని కూల్చినప్పుడు మాత్రం, ఆ చోట లేచే సిమెంటు లెక్క కూడా కలపాలి. పాత కర్రకు మంచి ధర పలుకుతోందని బాగున్న లోగిళ్లను విప్పించడం మన జిల్లాల్లో మామూలైంది. దూలానికి అన్నిటికంటే మంచి వాడకం దాని సొంత గోడల మీద ఉండటమే. పైకప్పు పెంకులు మార్చి, చెద పట్టిన చివర మాత్రం కోసి కొత్త ముక్క అతికి, ఇంటినే నిలబెట్టే వడ్రంగులు గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు పని దొరకడమే తక్కువ.

2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతి ఆపేసింది. 2021 సైనిక కుట్ర తరవాత అమెరికా, యూరోపియన్ యూనియన్ అక్కడి ప్రభుత్వ కలప సంస్థ మీద ఆంక్షలు పెట్టాయి. ఫలితంగా పాత బర్మా టేకు అన్న మాటకు విలువ మరింత పెరిగింది, మోసానికి చోటూ పెరిగింది. తాజా దుంగను కోసి, వైరు బ్రష్‌తో గీరి, పాతదని బిల్లు రాయడం కష్టం కాదు. ఏ ఊరి ఏ ఇంటి కర్ర అని అడిగితే అడితివాళ్లు చాలావరకు జిల్లా పేరుతో సరిపెడతారు. బాడిశ చెక్కిన గాటు, చేతి రంపం వంకర గీత, మిల్లు రంపం గుండ్రటి గీత వేరుచేసి చూడగలిగితే కర్ర ఏ కాలంలో కోసిందో కొంత చెప్పొచ్చు. కొనేవాళ్లకు అది నేర్పే దుకాణం తక్కువ.

2020లో కేంద్ర ప్రజా పనుల శాఖ కలప మీద నిషేధం ఎత్తేసింది. ఇప్పుడు మన అడితీలకు ఘనా నుంచి, పనామా, కోస్టారికా, ఈక్వెడార్ నుంచి తోట టేకు వస్తోంది. ఇరవై పాతికేళ్లకే నరికిన చెట్లవి. వలయాలు ఎడం, చేవ తక్కువ, అంచున తెల్ల చెక్క ఎక్కువ. దాంతో తలుపు చేసినా, ఎండీఎఫ్ పలకతో బీరువా చేసినా, ఇప్పటి పనంతా జిగురు మీద, పిన్నుల మీద నడుస్తోంది. విప్పబోతే పలకే చీలుతుంది. కొద్దిమంది చిన్న కార్ఖానాలవాళ్లు పాత దూలంతో చేసే బల్లకు కుసి, చీల పద్ధతే వాడుతున్నారు. పని దినాలు రెట్టింపవుతాయి, ధరా పెరుగుతుంది. జిగురు ఎందుకు వాడరని అడిగే ఖాతాదారులకు వాళ్లు చీలను సుత్తితో వెనక నుంచి కొట్టి, కాలు ఊడదీసి, మళ్లీ బిగించి చూపిస్తారు.